సేరోగాన్ ఉందిగా అని ఇంట్లో కూర్చోకండి: త్సుయు వానల ముందు జాగ్రత్తలు

మా పక్క ఫ్లాట్ తమ్ముడిని పోయిన వారం హాస్పిటల్‌లో చేర్చాం. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, రోజూ జిమ్‌కెళ్ళేవాడు, ఆ రోజు లిఫ్ట్ దాకా నడవలేక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నాలుగు రోజుల నుంచి మోషన్స్ అంట, రెండో రోజు జ్వరం, మూడో రోజు రక్తం. మరి ఇన్ని రోజులు ఏం చేశావురా అంటే టేబుల్ మీదున్న సీసా చూపించాడు. సేరోగాన్, మోషన్స్‌కి వేసుకునే జపాన్ మాత్ర. "వాసన చూశావా అన్నా, ఎంత స్ట్రాంగో, ఇవాళ కాకపోతే రేపు తగ్గుద్ది అనుకున్నా" అన్నాడు. జూన్ వస్తోంది, త్సుయు, అంటే ఇక్కడి వానాకాలం, మొదలవుద్ది, ఉక్కపోతకి తిండి ఇట్టే పాడయ్యే రోజులు, అందుకే జపాన్‌లో ఉన్న మనవాళ్ళందరికీ ఇది రాస్తున్నా. చేతులు కడుక్కోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు ఈ మాత్ర ఏంటి

బూర బొమ్మ ఉన్న డబ్బా, ప్రతి డ్రగ్‌స్టోర్‌లో ఉంటుంది, ఇక్కడి ఇళ్ళల్లో తాతల కాలం నుంచీ వాడుతున్నారు. ఇందులో అసలు సరుకు చెట్టు క్రియోసోట్, అంటే కట్టెని గాలి ఆడకుండా కాల్చినప్పుడు వచ్చే తారుని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసిన నూనె. ఆ పొగ వాసన దానిదే. నెట్‌లో క్రియోసోట్ అని కొడితే రైలు పట్టాల కింద దుంగలకి పూసే మందు, క్యాన్సర్ అని వస్తుంది, అది బొగ్గు తారు నుంచి తీసేది, ఇది వేరే. అందుకే డబ్బా మీద ముందు చెట్టు అనే కంజీ (జపనీస్ అక్షరం) పెట్టి మరీ రాస్తారు. హోమ్ సెంటర్‌లో కంచెలకి పూయడానికి డబ్బాల్లో అమ్మే క్రియోసోట్ నూనెకీ దీనికీ సంబంధం లేదు, దాన్ని పిల్లలకి అందేచోట కూడా పెట్టొద్దు.

మందు మంచిదే, నేనూ వాడతాను. పేగులోకి ఎక్కువగా ఊరే నీటిని తగ్గిస్తుంది, మెలిపెట్టే నొప్పిని శాంతింపజేస్తుంది. నూనె ఎక్కువ తిన్నా, నీళ్ళు మారినా, చలికి కడుపు పట్టేసినా పనిచేస్తుంది. కానీ వాసన ఘాటుగా ఉంది కదా లోపల క్రిములన్నీ చచ్చిపోతాయి అనుకుంటారు చూడండి, మనుషుల్ని ముంచేది అదే. మనం మింగే మోతాదుకి పేగులో క్రిములు చావవు.

ఈ నమ్మకం కొత్తది కూడా కాదు. 1904-05లో రష్యాతో యుద్ధానికి వెళ్ళిన జపాన్ సైనికులకి ఈ క్రియోసోట్ మాత్రలిచ్చారు, అప్పటి పేరుకి అర్థమే రష్యాని జయించే మాత్ర, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక్క అక్షరం మార్చారు. అప్పటి సైన్యం డాక్టర్లలో పెద్దవాళ్ళు బెరిబెరి అనే నరాల, గుండె జబ్బు కూడా క్రిమి వల్లే వస్తుందని నమ్మేవాళ్ళు. తీరా చూస్తే ఆ యుద్ధంలో బెరిబెరితో వేలమంది చచ్చిపోయారు, కారణం ఉత్త తెల్లన్నం తిని విటమిన్ బి1 అందకపోవడం. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. మా తమ్ముడి విషయంలోనూ జరిగింది అదే.

ఆ ఒక్క తప్పు

రక్తం పడినా, జ్వరం ఉన్నా, మాత్ర వేసుకుని ఇంట్లో కూర్చోవడం. ఇదే. నేను మూడు ఇళ్ళల్లో చూశాను.

తమ్ముడు ఆఫీస్ వాళ్ళతో నోమికాయ్‌కి, అంటే మందు పార్టీకి, వెళ్ళి తొరిసాషి తిన్నాడు, అంటే పచ్చి కోడిమాంసం. అందులో ఉండే క్యాంపైలోబాక్టర్ అనే క్రిమి రెండు నుంచి ఐదు రోజులకి గానీ బయటపడదు, అందుకే ఎవరికీ ఆ తిండి గుర్తుకే రాదు, నిన్న తిన్న పెరుగన్నం మీదో పచ్చడి మీదో అనుమానపడతారు. డాక్టర్‌కి చెప్పేటప్పుడు వారం వెనక్కి వెళ్ళి చెప్పండి.

O157 అనే ఈ-కోలై రకం క్రిమి ఇంకా భయంకరం. 1996లో సకాయ్ ఊళ్ళో స్కూల్ భోజనం తిని వేలమంది పిల్లలు పడిపోయారు. 2011లో పచ్చి బీఫ్ తిని ఐదుగురు పోయాక, 2012 జులై నుంచి పచ్చి బీఫ్ లివర్ అమ్మకమే ఆపేశారు. ఈ రకం క్రిమి వదిలే విషం రక్తంలో కలిసి కిడ్నీల్ని దెబ్బకొడుతుంది, చిన్నపిల్లలూ ముసలివాళ్ళూ ముందు బలి. రక్తం కనబడ్డాక మాత్రతో గడిపిన ప్రతి రోజూ కిడ్నీ మీద పడుతుంది. రక్తం పడిందా, మాత్ర పక్కన పెట్టు, హాస్పిటల్‌కి పో. పక్కనే అమ్మే, మోషన్స్ ఆపే లోపెరమైడ్ మాత్రలు ఇంకా డేంజర్, అవి పేగు కదలికనే ఆపుతాయి, విషం లోపలే ఉండిపోతుంది. రక్తం, జ్వరం ఉంటే అవి ముట్టుకోవద్దు.

ఇక మిగతావి గుర్తొచ్చినట్టు రాసేస్తున్నా.

పెద్దవాళ్ళకి మూడు మాత్రలు, రోజుకి మూడుసార్లు, అంతే. తమ్ముడు ఆరేసి వేసుకున్నాడు. తగ్గకపోతే డోస్ పెంచడం కాదు, డాక్టర్ దగ్గరికి పోవడం.

ఐదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వొద్దు. చితక్కొట్టి తేనెలో కలిపి కూడా వద్దు. ఏడాది నిండని పిల్లలకి తేనే వద్దు.

నమలొద్దు, నాలుక మండుద్ది.

కడుపుతో ఉంటే అడక్కుండా వేసుకోవద్దు.

మాత్ర కంటే ముందు నీళ్ళు. డ్రగ్‌స్టోర్‌లో ఓఎస్-వన్ (ఓఆర్ఎస్ లాంటి డ్రింక్) ఉంటుంది, రెండు సీసాలు ఇప్పుడే కొని పెట్టుకోండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న స్పూన్ల పంచదార, అర చిన్న స్పూన్ ఉప్పు, తలగొట్టి కొలవండి, కుప్పగా కాదు. స్పోర్ట్స్ డ్రింక్‌లో తీపి ఎక్కువ ఉప్పు తక్కువ, దాంతో సరిపెట్టొద్దు.

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు చూడండి, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకి మోషన్స్ పట్టుకుంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, రేపు చూద్దాం అనొద్దు. సేరోగాన్‌లో అతిమధురం కూడా ఉంటుంది, కాళ్ళు పట్టేస్తే వాడే కంపో (జపాన్ మూలికా మందు) పొడిలోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి రోజుల తరబడి వాడితే పొటాషియం పడిపోతుంది.

రాత్రి సాంబారు, చికెన్ కూర గిన్నె స్టవ్ మీదే వదిలేసి పొద్దున మరిగించి తింటాం కదా, ఈ రెండు నెలలు వద్దు. మరిగించినా చావని క్రిమి ఉంటుంది. చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

యాకినికులో, అంటే టేబుల్ మీదే మాంసం కాల్చుకుని తినేచోట, పచ్చి మాంసం పెట్టే పటకారు వేరు, నోటికి వెళ్ళే చాప్‌స్టిక్స్ వేరు. ఒక్కటే వాడొద్దు.

మూత్రం ఆరు గంటలుగా రాలేదా, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా, పిల్లలు ఏడిస్తే కన్నీళ్ళు రావట్లేదా, ఆగొద్దు. అంబులెన్స్ 119. వెళ్ళాలా వద్దా తేల్చుకోలేకపోతే టోక్యోలో హ్యాష్ 7119, పిల్లలకైతే హ్యాష్ 8000.

జపనీస్ రాకపోతే ఈ మూడు మాటలు చాలు: గెరి అంటే మోషన్స్, నెత్సు అంటే జ్వరం, కెత్సుబెన్ అంటే విరేచనంలో రక్తం. ఆ మూడో మాట వింటే కౌంటర్‌లో వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కాగితం మీద రాసి సేరోగాన్ సీసాకే అంటించండి, చెయ్యి ముందు వెళ్ళేది దాని మీదికే కదా.