విజయగాథలను చదవడం, 4వ పాఠం: అలంకారమా, వార్తా?

గత పాఠంలో రాసినవారి పోషకుడు ఎవరో గుర్తించడం నేర్చుకున్నాం. ఇప్పుడు వాక్యం లోపలికి వెళ్దాం. మన ఉదాహరణ 1323. ఆ ఏడాది ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. ఆయనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కాడు. బందీ అయిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏమయ్యాడు?

ముందుగా, ఢిల్లీ సేనలను ఎదిరించిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. ఓటమి తర్వాత కొన్నేళ్లకే సంస్కృతంలో వేయించినది. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగానే తురుష్కులనే చీకటి లోకాన్ని కమ్మిందంటుంది. దీని పక్కన పెన్సిలుతో ‘అ’ అని రాయండి, అంటే అలంకారం. ఏ రాజు పోయినా కవి ఇదే మాట అనగలడు. ఇందులో జరిగిన సంగతి తెలియదు, ఓడినవారి గుండె ఎలా చెరువైందో తెలుస్తుంది. అదేమీ చిన్న విషయం కాదు.

అదే శాసనం రాజు నర్మదా తీరాన కన్నుమూశాడంటుంది. వెంటనే ‘వ’ అని, వార్త అని, రాసేయకండి. పుణ్యనది ఒడ్డున మరణం కూడా పొగడ్తే కావచ్చు. కానీ ఉత్త పుణ్యనదే కావాలంటే కవికి గోదావరి దగ్గరలోనే ఉంది. పైగా ఓరుగల్లు నుంచి ఢిల్లీకి పోయేవారు నర్మదను దాటాల్సిందే. ఇక రెండో సాక్షి: ఢిల్లీ పక్షాన పారశీకంలో రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్. ఆయన కూడా రాజు దారిలోనే చనిపోయాడంటాడు. ఈ సంస్కృత శాసనాన్ని ఆయన చదివాడనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఇప్పుడు ‘వ’ రాయండి.

వందేళ్ల తర్వాత, 1423లో, రాజమహేంద్రవరం రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం రాజు తన ఇష్టం మీదే స్వర్గానికి వెళ్లాడంటుంది. దీన్ని విలస శాసనంతో కలిపి ఆత్మహత్య అని ఊహించినవారున్నారు. నాకది తొందరపాటుగా తోస్తుంది. పట్టుబడిన రాజుకు వందేళ్ల తర్వాత గౌరవం తిరిగి ఇచ్చే మాట అది. నేనైతే ‘అ’ అనే రాస్తాను.

అభ్యాసం: 1310లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు, ప్రతాపరుద్రుడు మెడలో గొలుసు వేసిన తన బంగారు ప్రతిమను పంపి లొంగిపోయాడని ఆ సుల్తాను ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. బంగారం, ప్రతిమ, గొలుసు: మూడింటికీ విడివిడిగా గుర్తు పెట్టండి. అల్లావుద్దీన్ ఖిల్జీ దర్బారులో ఏది వినడానికి ఇంపుగా ఉంటుందో ముందు ఆలోచించండి. వచ్చే పాఠం మీ గొలుసు దగ్గరే మొదలవుతుంది.