వానలు మొదలవకముందే బేస్ గిటార్‌కి మంచి బ్యాగ్ చూసుకోండి

వానాకాలం దగ్గర పడగానే బేస్ వాయించేవాళ్ళకి పట్టుకునే బెంగ తడి గురించి. నన్నడిగితే అంతకంటే ముందు దెబ్బ గురించి ఆలోచించాలి. మెట్లు జారుతుంటాయి, ఒక చేతిలో గొడుగు, భుజాన నాలుగు కిలోల వాద్యం. కింద పడేది ఇలాంటప్పుడే. తడిసిన బాడీని తుడుచుకోవచ్చు గానీ, నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) విరిగితే రిపేరుకి ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం.

విరిగేది ఎక్కువగా నట్ (నెక్ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) వెనక, హెడ్‌స్టాక్ (నెక్ కొసన ఉండే తల) మొదలయ్యే చోట. బ్యాగ్ వెల్లకిలా పడితే బాడీ నేలకు తగిలి ఆగిపోతుంది. తీగల్ని బిగించే నాలుగు బరువైన ట్యూనర్లు ఉన్న హెడ్‌స్టాక్ మాత్రం అదే ఊపులో ఇంకా వెనక్కి పోతుంది. పైగా మామూలు సెట్టు తీగలు నాలుగూ కలిసి 70 కిలోలకు పైగా బలంతో నెక్‌ని లాగుతూనే ఉంటాయి. గిబ్సన్ థండర్‌బర్డ్‌లా హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండే బేస్‌లకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే బ్యాగ్ తెరవగానే నేను చూసేది నెక్ కింద గట్టి దిమ్మ ఉందా, దాని మీద నెక్‌ని బిగించే వెల్క్రో పట్టీ ఉందా అని. ఆ దిమ్మ నెక్‌ని పైకెత్తి పట్టుకోవాలి, హెడ్‌స్టాక్ బ్యాగ్ వీపుకి ఆనకూడదు. కొనేముందు మీ బేస్‌ని అందులో పెట్టి, జిప్పు వేసి, హెడ్‌స్టాక్ ఉన్నచోట బయటి నుంచి బొటనవేలితో నొక్కండి. ట్యూనర్ చెవులు వేలికి తెలిసిపోతుంటే ఆ బ్యాగ్ వద్దు.

ఫోమ్ మందం 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటే మంచిదే గానీ, ఆ అంకె ఒక్కటే నమ్ముకోకండి. బ్యాగ్ గోడని రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కినప్పుడు వేలికి వేలు తగిలినట్టే ఉంటే అది ఉత్త మెత్తటి స్పాంజి.

అడుగుభాగాన్ని ఎవరూ పట్టించుకోరు. బ్యాగ్‌ని నిలబెట్టిన ప్రతిసారీ బేస్ బరువంతా బాడీ అడుగున భుజపట్టీ తగిలించే స్ట్రాప్ బటన్ మీదే పడుతుంది. కొన్నాళ్ళకి ఆ బటన్ ఫోమ్‌నీ గుడ్డనీ పొడుచుకుని బయటికొస్తుంది. లోపల ఆ చోట గట్టి అట్టలాంటి పొర, బయట మందపాటి రబ్బరు రెండూ ఉండాలి.

కొలత తప్పకుండా తీసుకోండి. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చిన దగ్గర్నుంచీ 34 అంగుళాల స్కేలే (నట్ నుంచి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా ఉండే పొడవు) ఎక్కువ వాడుకలో ఉంది, కాబట్టి మొత్తం పొడవు 46, 47 అంగుళాల దాకా పోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ బ్యాగ్‌లో ఇది పట్టదు. 30 అంగుళాల షార్ట్ స్కేల్ అయితే పెద్ద బ్యాగ్‌లో అటూ ఇటూ జారి, దిమ్మ ఉండాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో తగులుతుంది.

ఇక తడి సంగతి. పూత వేసిన పాలిస్టర్ గుడ్డ చినుకుల్ని ఆపుతుంది, కానీ నీళ్ళు దూరేది జిప్పులోంచీ కుట్ల రంధ్రాల్లోంచీ. జిప్పు మీద మూత పట్టీ ఉండాలి, విడిగా ఒక రెయిన్ కవర్ కూడా ఉండాలి. జిప్పుని మూలల దగ్గర నాలుగైదు సార్లు లాగి చూడండి, అక్కడ పట్టేస్తే గట్టివానలో తప్పకుండా మొరాయిస్తుంది. ఇంటికి రాగానే బేస్‌ని బయటికి తీసి తీగల్ని పొడిగుడ్డతో తుడవాలి, బ్యాగ్‌ని పూర్తిగా తెరిచి నీడలో ఆరేయాలి. తడి బ్యాగ్‌లో రాత్రంతా వదిలేస్తే తీగలకి తుప్పు, లోపలి గుడ్డకి బూజు పట్టే అవకాశముంది. సిలికా జెల్ పొట్లాలు జేబులో పడేస్తే కొంత సాయమే గానీ, తడిసిన బ్యాగ్‌ని అవి ఆరబెట్టలేవు.

ముందు జేబులో పెడల్, అడాప్టర్ లాంటి బరువైనవి పెట్టకండి, అవి నేరుగా తీగల్నీ బ్రిడ్జినీ ఒత్తుతాయి. వీపు పట్టీలు బ్యాగ్‌కి అతుక్కునే చోట చతురస్రంలో అడ్డగీతలతో కుట్టి ఉండాలి, ఒంటివరస కుట్టు బరువు ఆపదు. వీపున వేసుకుంటే హెడ్‌స్టాక్ మీ తలకంటే పైనుంటుందని గుమ్మం దాటేటప్పుడల్లా గుర్తుంచుకోండి.

విమానంలో లగేజీగా వేయాల్సి వస్తే ఇవేవీ చాలవు, హార్డ్ కేస్ తీసుకోండి.