“షాపువాడు అమ్మాడు కదా!”: మజిల్‌లోడర్ సీజన్లో సామాను పేచీలు, వాటి మందులు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో మజిల్‌లోడర్ సీజన్‌కి ట్యాగ్ (వేట అనుమతి చీటీ) దొరికింది, తుపాకీ కూడా కొనేశాను, ఇంక వెళ్లడమే అని మా బావమరిది ఫోన్ చేశాడు. ముందు ఫొటో పంపరా అన్నాను. ఇన్‌లైన్ తుపాకీ (మందు వెనకే నేరుగా నిప్పు పుట్టే కొత్తరకం), దాని మీద స్కోపు (గురి దగ్గరగా చూపే అద్దాల గొట్టం), 209 ప్రైమర్ల (మందు అంటించే ఆధునిక బిళ్లల) డబ్బా, పెల్లెట్లు (ముద్దకట్టిన మందు), ప్లాస్టిక్ తొడుగు తూటాలు. అన్నీ కొత్తవే, అన్నీ మంచివే, కానీ ఆ సీజన్‌కి అందులో ఒక్కటీ పనికిరాదు. “షాపువాడు అమ్మాడు కదా బావా!” అన్నాడు. అమ్ముతాడు మరి, వాడికేం? అదే తుపాకీ ఏ ఆయుధమైనా వాడుకోవచ్చనే మామూలు సీజన్లో చక్కగా చెల్లుతుంది. రూలు తుపాకీకి కాదు, సీజన్‌కి.

మజిల్‌లోడర్ అంటే మన ఏజెన్సీ ఊళ్లలోని నాటు తుపాకీ లాంటిదే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి కాల్చడం. మన దగ్గర వన్యప్రాణి చట్టం ప్రకారం వేటే నేరం కాబట్టి ఈ లెక్కలన్నీ అమెరికాలో ఉన్నవాళ్లకే. అక్కడ దీనికి వేరే సీజన్ ఇచ్చేది పాతకాలం పద్ధతిలో, దగ్గర నుంచి, ఒక్క దెబ్బతో వేటాడతారని. ఇది బుర్రలో ఉంటే కింద చెప్పే సగం రూళ్లు ఎవరూ చెప్పకుండానే ఊహించుకోవచ్చు.

సమస్య: తుపాకీ మజిల్‌లోడరే, అయినా చెల్లదంటున్నారు

ముందు వెనక భాగం చూడండి. ఐడహో మజిల్‌లోడర్ సీజన్లో నిప్పు పుట్టించే చోటు మూసుకుపోయి ఉండకూడదు, 209 ప్రైమర్ పనికిరాదు. చెకుముకి రాయి గానీ, పర్కషన్ క్యాప్ గానీ, మస్కెట్ క్యాప్ గానీ (సుత్తి దెబ్బకి నిప్పు రేపే చిన్న లోహపు టోపీలు) వాడాలి. ఖాళీ తుపాకీని సుత్తి వెనక్కి లాగి పక్క నుంచి చూస్తే క్యాప్ పెట్టే చోటు కొంచెమైనా కంటికి ఆనాలి, ఆనకపోతే అది ఈ సీజన్‌ది కాదు. ఐడహో లాంటి వాయవ్య రాష్ట్రాల కోసమే కొన్ని కంపెనీలు “నార్త్‌వెస్ట్” పేరుతో మస్కెట్ క్యాప్ మోడళ్లు చేస్తున్నాయి. ఇంకా కొనకపోతే అదే కొనండి, కొనేసి ఉంటే మీ మోడల్‌కి మార్చుకునే కిట్ ఉందేమో అడగండి. స్కోపు తీసేయాల్సిందే. కంటిచూపు లోపానికి అనుమతి ఉన్నవాళ్లని మినహాయిస్తే మిగతా అందరికీ ఓపెన్ సైట్ (అద్దాలు లేని గురి గుర్తు) లేదా పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసే గురి). జింకకి కనీసం .45 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి వ్యాసం), ఎల్క్ అనే పెద్ద జింకకి .50 ఉండాలి.

సమస్య: తుపాకీ సరిగ్గానే ఉంది, సంచిలో సామానుతోనే పేచీ

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, ఎందుకంటే తుపాకీ గురించి పదిమందిని అడుగుతారు గానీ మందు గురించి ఎవరినీ అడగరు. పెల్లెట్ అంటే మధ్యలో చిల్లు ఉన్న పొట్టి సుద్దముక్కలా ఉంటుంది, కొలవక్కర్లేదు, రెండు జారవిడిస్తే చాలు. ఆ సుఖమే కారణం, ఐడహోలో ఈ సీజన్‌కి అవి నిషేధం. నల్లమందు గానీ పైరోడెక్స్ లాంటి బదులు మందు గానీ పొడిగానే, కొలిచి పోసుకోవాలి. పొగ రాని ఆధునిక మందు మాత్రం మామూలు మజిల్‌లోడర్లో ఎప్పుడూ పోయకండి, అది చట్టం మాట పక్కనబెట్టి గొట్టం పేలిపోయే వ్యవహారం.

తూటా సంగతికి వస్తే, సాబోట్ అంటే సన్న తూటాకి తొడిగే ప్లాస్టిక్ గిన్నె, అరచేతిలో పెట్టుకుంటే రేకులు విచ్చిన పువ్వులా ఉంటుంది. .50 గొట్టంలో .45 తూటా పట్టాలని అది. ఐడహోలో తూటా వ్యాసం గొట్టం వ్యాసానికి అంగుళంలో వందో వంతు తేడాలోపే ఉండాలి. ఇక్కడ తేడా అయిదు వందోవంతులు, అందుకే సాబోట్ కుదరదు. గొట్టం సైజు కోనికల్ (మొనదేలిన) తూటా గానీ గుడ్డ చుట్టిన గుండ్రటి గుండు గానీ తెచ్చుకోండి. గుడ్డని సాబోట్ కింద లెక్కేయరు.

ఈమధ్య ఫైర్‌స్టిక్ అని మందు ముందే నింపిన ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. తూటా ముందు నుంచే వేస్తారు, మందు మాత్రం వెనక నుంచి పెడతారు. మందు కూడా మూతిలోంచే పోయాలనే రాష్ట్రంలో అది చెల్లదు, అంతే.

సమస్య: పోయినేడు అక్కడ చెల్లింది, ఇక్కడెందుకు చెల్లదు?

రాష్ట్రం మారింది కాబట్టి. పెన్సిల్వేనియాలో అయితే ఒకే రాష్ట్రంలో రెండు రకాలు: అక్టోబరు మజిల్‌లోడర్ సీజన్‌కి ఇన్‌లైన్, స్కోపు చెల్లుతాయి, క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే సీజన్‌కి చెకుముకి రాయి తుపాకీ తప్ప ఇంకేదీ చెల్లదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలే వాడకూడదు. అందుకని పాత స్నేహితుడి మాట, యూట్యూబ్ మాట వదిలేసి ఆ రాష్ట్రం వేట శాఖ ఆ ఏడు వేసిన రూల్‌బుక్‌లో మీ ట్యాగ్ నంబరు దగ్గర ఏం రాసుందో చదవండి. ఐడహోలో లైసెన్స్‌తో పాటు మజిల్‌లోడర్ పర్మిట్ కూడా విడిగా ఉండాలి, అది మర్చిపోయి ట్యాగ్ ఒక్కటే పట్టుకుని వచ్చేవాళ్లూ ఉంటారు.

సమస్య: హెచ్-1బీ మీద ఉన్నాను, అసలు ముట్టుకోవచ్చా?

మనవాళ్ల అసలు టెన్షన్ ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ఇంకో సంగతి, 1968 నాటి చట్టం చాలా మజిల్‌లోడర్లని “పురాతన ఆయుధం” కిందే చూస్తుంది, తుపాకీ కింద కాదు. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి. గొట్టం మార్చి మామూలు రైఫిల్ చేసుకోగలిగే థాంప్సన్ సెంటర్ ఎంకోర్ లాంటివి ఆ లెక్కలోకి రావు, పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత. లైసెన్స్ గడువు అయిపోయినా తుపాకీ ఇంట్లోనే ఉంటే మినహాయింపు కూడా పోయినట్టే, ఆ తేదీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

సమస్య: ఎయిర్‌పోర్టులో ఆపేశారు

నల్లమందు, పర్కషన్ క్యాపులు చేతి సంచిలోనూ కుదరవు, చెక్-ఇన్ పెట్టెలోనూ కుదరవు. తుపాకీని మాత్రం ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్ దగ్గర చెప్పి పంపొచ్చు. మందూ క్యాపులూ దిగిన ఊళ్లో కొనుక్కోవడమే, మిగిలినవి అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి.