రూటర్ మార్చాక ఇంటర్నెట్ రేడియో కనెక్ట్ కాకపోతే

రేడియోలో వైఫై పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ కూడా తీసుకుంటుంది, చివర్లో కనెక్ట్ కాలేదంటుంది. ఒక్కోసారి కనెక్టయినా కాసేపటికే పాట ఆగిపోతుంది. ఫోన్లకు, టీవీకి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్, రేడియోను రూటర్ పక్కకు జరపడం, పాస్‌వర్డ్ మార్చడం, ఇవేవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. రూటర్ సెట్టింగ్స్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌ను (అతిథుల కోసం రూటర్ ఇచ్చే వేరే వైఫై) 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (పాత రేడియోలు పట్టేది ఇదే) మాత్రమే ఆన్ చేసి, దానికి వేరే పేరు పెట్టాను. సెక్యూరిటీ (వైఫైకి రక్షణ పద్ధతి) డబ్ల్యూపీఏ2, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్. డబ్ల్యూపీఏ2, దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ వద్దు. నా అంచనాలో అసలు తంటా అక్కడే. వైఫై ఛానల్‌ను ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టాలి (12, 13 ఛానళ్లను కొన్ని రేడియోలు అసలు చూడవు). ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. పాస్‌వర్డ్‌లో అక్షరాలు, అంకెలే ఉంచండి. నాబ్ తిప్పుతూ ప్రత్యేక గుర్తులు వెతకడం ప్రాణాలు తోడేస్తుంది. ఆ తర్వాతే రేడియోలో పాత నెట్‌వర్క్ ప్రొఫైల్ తీసేసి, కొత్త పేరు ఎంచుకోవాలి.

ఒక చిక్కుంది. గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు మామూలుగా ఒకదాన్నొకటి చూడలేవు. యాప్‌తో రేడియోను నడపాలంటే ఐసొలేషన్ (పరికరాలను అలా విడదీసే సెట్టింగ్) ఆఫ్ చేసి, ఫోన్‌ను కూడా అదే నెట్‌వర్క్‌లో పెట్టాలి.

5 గిగాహెర్ట్జ్ పట్టే కొత్త మోడళ్లకు ఇదంతా అక్కర్లేకపోవచ్చు. కొన్ని స్టేషన్లే మూగబోతుంటే మాత్రం దీనితో లాభం లేదు. ఆ స్టేషన్ హెచ్‌టీటీపీఎస్‌కో (ఎన్‌క్రిప్ట్ చేసిన లింకు) హెచ్‌ఎల్‌ఎస్‌కో (పాటను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) మారి ఉండొచ్చు. పాత రేడియోలు చాలావాటికి అవి మింగుడుపడవు. అలాంటప్పుడు అదే స్టేషన్‌కు ఎంపీ3 స్ట్రీమ్ ఉందేమో చూడండి.