చిన్ననాటి సూపర్‌హీరో పగటికలను టీనేజ్ నవలగా రాయడం ఎలా?

చిన్నప్పటి సూపర్‌హీరో పగటికల చాలామందిని పెద్దయ్యాక కూడా వదలదు. తీరా నవల రాద్దామని కూర్చుంటే మూడో అధ్యాయానికే చతికిలబడుతుంది. పగటికలలో గెలుపు మాత్రమే ఉంటుంది, ఆ గెలుపుకి ఏం పోగొట్టుకోవాలో ఉండదు. 13 నుంచి 18 ఏళ్ల పాఠకులు వెతికేది సరిగ్గా దాన్నే.

ముందు కలను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. ఒక అరగంట, చేత్తో, దిద్దకుండా రాస్తే రెండు పేజీలు వస్తాయి. తర్వాత వేరే రంగు పెన్నుతో మూడు చోట్ల గీత గీయండి: శక్తి ఏమిటి, అది ఎప్పుడు పనికొచ్చేది, అప్పుడు ఎవరు చూస్తుండేవారు. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, కానీ నవల దొరికేది అక్కడే. పగటికలలో చూసేవాళ్లు లేకుండా ఎవరూ ఎగరరు. క్లాసులో ఏడిపించే పిల్లాడో, మార్కులు చూసి మొహం తిప్పుకునే నాన్నో, మాటలు మానేసిన స్నేహితురాలో కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటారు. ఆ మనిషి ఎవరో రాసుకోండి. ఆ మనిషితో తేలాల్సిన లెక్కే మీ కథకు వెన్నెముక. విలన్ సంగతి తర్వాత చూడొచ్చు.

రెండో పని ఏరివేత. చిన్నప్పటి హీరోలో సగం టీవీది, కామిక్సుది. కేప్, గుండె మీద గుర్తు, ముసుగు, వేరే గ్రహం నుంచి రావడం, అన్నీ తీసేసి చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు, ఆ ఆలోచనకు ఇచ్చిన రూపం మీద ఉంటుంది. ఎగిరే అమ్మాయి కథ ఎవరైనా రాయొచ్చు. ఇంకొకరి హీరో పేరూ వేషమూ గుర్తూ పెట్టి అచ్చువేస్తేనే చిక్కు. చట్టం మాట అటుంచినా, అరువు సామాను పోగా మిగిలిందే మీ సొంతం.

ఇక వయసు. కల కన్నప్పుడు మీకు ఎనిమిదో తొమ్మిదో ఉండి ఉంటాయి. నవలలో పాత్రకు 16, 17 ఉండాలి, ఎందుకంటే పిల్లలు తమకంటే రెండేళ్లు పెద్దవాళ్ల కథలే ఇష్టంగా చదువుతారు. వయసు పెరగగానే కోరికా మారుతుంది. తొమ్మిదేళ్ల పిల్లకి స్కూలు ఎగ్గొట్టి ఎగరాలని ఉంటుంది. పదహారేళ్ల పిల్లకి తను ఏ గ్రూపు తీసుకోవాలో తనే చెప్పాలని ఉంటుంది. కథకి న్యూయార్క్ అక్కర్లేదు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ చాలు: తెల్లారకుండానే స్టడీ అవర్, ఔట్‌పాస్ కోసం సంతకాలు, చేతికి దొరకని ఫోను. ఎగరాలనే కోరిక అంతకంటే బలంగా పుట్టే చోటు ఇంకొకటి చూపించడం కష్టం.

శక్తి దగ్గర మాత్రం తొందరపడకండి. శక్తికి హద్దు పెట్టే విద్య మన రామాయణ, మహాభారతాల్లోనే ఉంది. హనుమంతుడికి తన బలం గుర్తుండదు, జాంబవంతుడు గుర్తుచేయాలి. కర్ణుడికి అస్త్రం అవసరమైన వేళే మరుపొస్తుంది. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. కథ నడిచేది ఆ లోటు వల్లే.

మీ శక్తికి మూడు నియమాలు రాసుకోండి: ఎంత, ఎంతసేపు, ఆ తర్వాత ఏమవుతుంది. వీలైనంతవరకు అంకెల్లో రాయండి. విజయవాడ హాస్టల్లో ఉన్న ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఎగరగలదనుకుందాం. ఊపిరి బిగబట్టినంతసేపే, అంటే 40 సెకన్లు. ఐదు కిలోలకి మించి మోయలేదు. దిగాక రెండు గంటలు చెవులు వినిపించవు. ఈ మూడో నియమం ఎన్ని సన్నివేశాలు ఇస్తుందో చూడండి. స్టడీ అవర్ బెల్లు వినపడదు. లెక్చరర్ పేరు పెట్టి పిలిస్తే పలకదు, ఆయన పొగరనుకుంటాడు. ఆదివారం వార్డెన్ ఫోను చేతికిస్తుంది. అమ్మ గొంతు వినపడక పిల్ల “ఆఁ... సరేమ్మా” అంటూ ఉంటుంది, అవతల అమ్మ నాన్నని ఆసుపత్రిలో చేర్పించిన సంగతి చెబుతూ ఉంటుంది. ముక్కులోంచి రక్తం కారడం, కళ్లు తిరిగి పడిపోవడం పాఠకులు చూసీ చూసీ ఉన్నారు. నష్టం వెళ్లి మామూలు రోజుకి తగలాలి.

పెట్టిన నియమాన్ని క్లైమాక్స్ కోసం సడలించొద్దు. రెండో అధ్యాయంలో 40 సెకన్లని చెప్పి, చివర్లో మూడు నిమిషాలు ఎగరనిస్తే పాఠకులు పుస్తకం మూసేస్తారు. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగగలిగిన వాటర్ ట్యాంకుని ఐదో అధ్యాయంలోనే చూపించి ఉంచితే, అదే గెలుపు ఆ పిల్ల తెలివి వల్ల వచ్చినట్టవుతుంది.

నిడివి సంగతి. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే కథకు ఇంగ్లీషుకంటే తక్కువ మాటలు పడతాయి. 40 వేల మాటలు లక్ష్యంగా పెట్టుకోండి: 25 అధ్యాయాలు, ఒక్కోటి 1,600. రోజుకి 500 రాస్తే 80 రోజులు. శక్తి బయటపడటం రెండో అధ్యాయం దాటకూడదు. నడుమ కథ జారిపోవడం ఎక్కువగా జరిగే తప్పు. దానికి మందు, మీరు మొదట రాసుకున్న ఆ చూసే మనిషికి 12, 13 అధ్యాయాల దగ్గర రహస్యం తెలిసిపోవడం. అక్కణ్ణుంచి ప్రతి ఎగురుడుకీ ఒక సాక్షి ఉంటుంది. చివరి ఐదు అధ్యాయాల్లో పెద్దవాళ్లెవరూ వచ్చి చిక్కుముడి విప్పకూడదు. ప్రిన్సిపాల్ మనసు మారి గేటు తీయిస్తే అది ప్రిన్సిపాల్ కథ అవుతుంది.

ఎక్కువమంది తేలిపోయేది ఎగిరే సన్నివేశంలోనే. “ఆమె గాలిలోకి లేచింది. ఆమె ఆనందానికి అవధులు లేవు” అంటే పాఠకుడికి కనపడేది ఏమీ లేదు. ఇలా మార్చి చూడండి:

“బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. అరికాళ్ల కింద సిమెంటు చల్లదనం పోయింది. కిందికి చూస్తే నేల మీద తడి పాదాల గుర్తులు రెండున్నాయి, వాటి మీద నేను లేను. పదిహేడు, పద్దెనిమిది... లెక్కపెడుతున్నాను.”

చేతిలో ఒక వస్తువు, ఒంటికి తెలిసిన ఒక మార్పు, నడుస్తున్న లెక్క. ఈ మూడూ ఉంటే ఆనందం అనే మాట రాయక్కర్లేదు. ‘నేను’ అని చెప్పించడం ఈ రకం నవలకి బాగా కుదురుతుంది, కాకపోతే ఆ పిల్లకి తెలియనిదేదీ మీరు చెప్పకూడదు.

సంభాషణల్లో హాస్టల్ పిల్లలందరి చేతా ఒకే తెలుగు మాట్లాడించకండి. వరంగల్ పిల్ల “ఏం జేస్తున్నవే” అంటుంది, గుంటూరు పిల్ల “ఏం చేస్తన్నావే” అంటుంది. వాళ్లు వాడే ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలో అలాగే ఉంచండి. ఈ ఏడాది పుట్టిన యాస మాటల్ని మాత్రం పొదుపుగా వాడండి, పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడిపోతాయి.

మొదటి ప్రతి అయ్యాక రెండు వారాలు పక్కన పెట్టి, 14–17 ఏళ్ల పిల్లలు నలుగురికి ఇవ్వండి. మీ ఇంటి పిల్లలైతే మొహమాటపడతారు. “బాగుందా?” అని అడిగితే బాగుందనే అంటారు. దాని బదులు, ఫోను చూడాలనిపించిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టమనండి. రెండు ప్రతుల్లో ఒకేచోట చుక్క పడితే ఆ పేజీ కోసేయండి.

ప్రచురణకర్తకి పంపేటప్పుడు యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైలు ఇవ్వండి. చాలా డీటీపీ సెంటర్లలో దాన్ని అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని, అచ్చుపనికి వాడే తెలుగు ఫాంట్లు) మారుస్తారు, ఒత్తులు చెదిరేది అక్కడే. ‘హాస్టల్‌లో’, ‘సూపర్‌హీరో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కలిసిపోయి ఒత్తుగా మారిపోవచ్చు. సూపర్‌హీరో నవలలో ఆ మాటలే ఎక్కువ. అందుకే మార్చాక కాగితం మీద ప్రింటు తీయించి మొత్తం ఇంకోసారి చదవండి. డెమీ సైజులో (నవలలకి మామూలుగా వాడే పుస్తకం కొలత) పేజీకి 210 మాటల లెక్కన 40 వేల మాటలు దాదాపు 190 పేజీలు. ముందు పేజీలు కలిపితే 192 దాటుతుంది. పుస్తకాన్ని 16 పేజీల కట్టలుగా, అంటే ఫారాలుగా అచ్చువేస్తారు కాబట్టి 208కి సర్దుకోవాలి, ఆ మిగిలిన పేజీల్లో అధ్యాయాల మొదట చిన్న బొమ్మలు వేయించుకోవచ్చు.