పెన్న చెలమతో ఒక ఆటవెలది కట్టడం

ప్రకృతి మీద పద్యం అనగానే వెన్నెలా కోయిలా ముందుకొస్తాయి. వాటిని పక్కన పెట్టండి. రోజూ కంటబడేదే తీసుకోండి: నెల్లూరులో ఎండాకాలపు పెన్న, మైపాడు ఒడ్డుకు లాగిన పడవ, కందుకూరు వైపు పొగాకు బ్యారన్. ఒక చోటు, ఒక మనిషి, ఒక పని చాలు. ముందు రెండు మూడు వాక్యాలు వచనంలో రాసుకోండి. అందులో బాధ, ప్రేమ, ఒంటరితనం అనే మాటలుంటే కొట్టేసి, ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

కొత్తవాళ్లకు ఆటవెలది మంచిది. ప్రాస నియమం లేదు, ఇంట్లో మాట్లాడే మాటలు సుళువుగా ఒదుగుతాయి. పొట్టిగా పలికే అక్షరం లఘువు (I), పొడుగ్గా పలికేది గురువు (U), వీటి గుంపే గణం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండు: హగణం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). ఇంద్రగణాలు ఆరు: నల (IIII), నగ (IIIU), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి.

పెన్న యిసుక తవ్వ పిడికెడు నీరూరు
చేయి చాలినంత చెలమ చాలు
వాన లేని యేట వంగిన ముసలవ్వ
గరిటె తోటి తోడి కడవ నింపె

మొదటి పాదాన్ని విడదీస్తే: పెన్న (హ), యిసుక (న), తవ్వ (హ), పిడికెడు (నల), నీరూరు (త). పె–పి యతి, ఎ, ఇ అచ్చులకు మైత్రి ఉంది. నాలుగో పాదంలో గ–క ఒకే వర్గం, అదీ చెల్లుతుంది.

ఎక్కువమంది తప్పేది గురువు దగ్గరే. ఒత్తు వల్ల గురువయ్యేది ఒత్తున్న అక్షరం కాదు, దాని ముందున్నది: ‘పెన్న’లో ‘పె’ గురువు, ‘న్న’ లఘువు. రెండో తప్పు, యతి కుదరక ‘ఘనముగాను’, ‘చక్కగాను’ అని ఊరికే పూరించడం. అలా చేసిన పాదం బోలుగా వినిపిస్తుంది. దానికి బదులు పాదం మొదటి మాటే మార్చండి. మూడో పాదం ‘కరువు’తో ఎత్తుకుంటే ‘వంగిన’ అన్న మాటకు అక్కడ చోటుండదు. ‘వాన’తో ఎత్తుకుంటే సరిగ్గా కూర్చుంది.

అన్నిటికన్నా పద్యాన్ని పాడుచేసేది చివరి పాదంలో ‘బతుకూ ఇంతే’ అని చెప్పేయడం. పిడికెడు నీటికీ కడవకూ మధ్య ఉన్న దూరమే అవ్వ ఓపిక. ఆ మాట విడిగా రాస్తే ఆ దూరం పోతుంది. వస్తువును కూడా అంతే జాగ్రత్తగా ఎంచాలి. ‘గరిటె’ తీసి ‘చెంబు’ పెడితే గణం నిలుస్తుంది గానీ యతి చెడుతుంది, పైగా అంత లోతులేని చెలమలో చెంబు మునగదు.