చిన్న ఊళ్లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌ను వెతుక్కోవడం ఎలా

అమెరికాలో చిన్న ఊరికి మారిన కొత్తలో మా పాపకి చెవిపోటు వచ్చింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ మూడు వారాల దాకా లేదన్నారు. "నర్స్ ప్రాక్టీషనర్ రేపు పొద్దున చూస్తారు, వస్తారా?" అని రిసెప్షన్‌లో అడిగితే, నర్సు మందులెలా రాస్తుందనుకుని వద్దన్నాను. రెండు గంటలు కారులో పెద్ద ఊరు వెళ్లాం. పాప దారంతా ఏడుస్తూనే ఉంది. ఆ పొరపాటు మీరు చేయకండి.

ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్లు (పొట్టిగా ఎఫ్‌ఎన్‌పీ) రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుతో పాటు మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసినవాళ్లు. పసిపిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా చూస్తారు, టెస్టులు, మందులు రాస్తారు. పేరు పక్కన ఎఫ్‌ఎన్‌పీ-సీ అని ఉన్నా, ఎఫ్‌ఎన్‌పీ-బీసీ అని ఉన్నా ఫర్వాలేదు. పరీక్ష పెట్టే సంస్థలు వేరు, అంతే. న్యూ మెక్సికోలో సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చు, టెక్సస్‌లో డాక్టర్‌తో ఒప్పందం ఉండాలి.

ముందు ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో పేర్లు రాసుకోండి. ఆ లిస్టును పూర్తిగా నమ్మకండి, ఊరు వదిలి వెళ్లిపోయినవాళ్ల పేర్లూ ఉంటాయి. ఆ పేర్లతో ఊళ్లోని మందుల షాపుకెళ్లి ఫార్మసిస్ట్‌ని అడగండి. రీఫిల్ కోసం, అంటే అదే మందు మళ్లీ ఇవ్వడానికి, షాపు నుంచి ఫోన్ చేస్తే ఎవరి క్లినిక్ వెంటనే పలుకుతుందో వాళ్లకు తెలుస్తుంది. నాకు మా నర్స్ ప్రాక్టీషనర్ దొరికింది అలాగే. తర్వాత మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు సైట్‌లో పేరు కొట్టి, లైసెన్సు నడుస్తోందా, ఏమైనా చర్య తీసుకున్నారా చూడండి.

ఇక క్లినిక్‌కి ఫోన్. కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా? వారంలో ఏయే రోజులు ఉంటారు? (చిన్న ఊళ్లలో కొందరు రెండు రోజులే వస్తారు.) అదే రోజు చూపించుకునే వీలుందా? రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? పెద్ద సమస్య అయితే ఏ డాక్టర్ దగ్గరికి పంపుతారు? అన్నిటికన్నా ముఖ్యం, క్లినిక్ కాదు, ఆ మనిషి పేరు మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందా అని అడగండి. ఇన్సూరెన్స్ లేకపోతే ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి.

ఒంట్లో బాగున్నప్పుడే మొదటిసారి వెళ్లి రండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తే మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి, అసలు మందు పేరు పెద్ద అక్షరాలతో రాయండి. డోలో అంటే ఇక్కడివాళ్లకు అర్థం కాదు, ఎసిటమినోఫెన్ అనాలి.